చివరి కుళాయి ఇంటి తాళం

ముప్పై ఏళ్ళకి పైగా విలేకరిగా పనిచేశాను. మాచర్ల, గురజాల, మధ్యలో కొన్నాళ్ళు నరసరావుపేట. నాకు ఏ ఏడు ఏ మండలం ఇచ్చారు, ఎప్పుడు పర్మినెంట్ చేశారు లాంటివి ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక ఊరి నీళ్ళ గురించి, ఒక ఇనప కడ్డీ గురించి, నేను చేసిన రెండు వెధవ పనుల గురించి రాస్తున్నాను. ఆ రెండూ చేశాకే నాకు విలేకరి పనంటే ఏమిటో తెలిసింది. అప్పటికి నాకు యాభై దాటాయి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. "ఖాజా చివర్లో మెత్తబడ్డాడు, సమస్యలు రాయటం మానేసి పరిష్కారాలంటూ భజన మొదలెట్టాడు" అన్నవాళ్ళు మా ప్రెస్ క్లబ్బులో చాలామంది ఉన్నారు. ఇప్పటికీ అంటున్నారట. అననివ్వండి. నేను సమస్యలు మాత్రమే రాసినన్నాళ్ళూ నాకు ఏ లీడరూ ఫోన్ చేసి తిట్టలేదు. పక్క ఊళ్ళో ఏం చేశారో రాయటం మొదలెట్టాకే తిట్లు తిన్నాను. భజన చేసేవాణ్ణి ఎవరన్నా తిడతారా?

ఖాళీ బిందెలు

మా పల్నాడులో విలేకరికి ఎండాకాలం మొదలైందంటే మొదటి పని ఖాళీ బిందెల ఫొటో. ముందురోజు ఊళ్ళో తెలిసినవాళ్ళకి ఫోన్ కొడతాం. "రేపు పొద్దున ఎనిమిదింటికి ఒక పాతికమంది ఆడవాళ్ళని నిలబెట్టండి, బిందెలు మర్చిపోవద్దు" అని. బిందెలు రంగురంగులవైతే ఫొటో బాగా పడుతుంది. ఒక ముసలమ్మని ముందు నిలబెడితే ఇంకా బాగా పడుతుంది. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు, నలుగురినీ చూసి నేర్చుకున్నాను.

ఫొటో కింద నాలుగు పేరాలు. చివర్లో అధికారి మాట: "సమస్య మా దృష్టికి వచ్చింది, త్వరలోనే పరిష్కరిస్తాం." ఆ వాక్యం నాకు ఎంత కంఠతా వచ్చేసిందంటే, కొన్నిసార్లు ఫోన్ చేయకుండానే రాసేసేవాణ్ణి. ఏ అధికారీ తానలా అనలేదని ఎన్నడూ ఫోన్ చేయలేదు. ఇది తప్పని అప్పుడు తెలియక కాదు, తెలిసే చేశాను.

నేను ఏటా వెళ్ళే ఊరిని ఇక్కడ మిట్టూరు అంటాను. అసలు పేరు అది కాదు. మాచర్ల నుంచి బస్సులో ముప్పావుగంట. ఊరి మధ్యలో ట్యాంకు ఉంది, కుళాయిలున్నాయి. ట్యాంకు దగ్గరి వీధులకి నీళ్ళు దండిగా వస్తాయి, చివరి వీధికి వచ్చేసరికి గాలి వస్తుంది. ఆ వీధి ఆడవాళ్ళు కిలోమీటరున్నర దూరంలో ఒక మిరప రైతు బోరు నుంచి మోసుకొచ్చుకునేవాళ్ళు. వరుసగా ఏడేళ్ళు వాళ్ళ ఫొటో వేశాను. ఏడేళ్ళూ వాళ్ళు మోస్తూనే ఉన్నారు.

ఏడో ఏడు నేను ఎనిమిదింటికి రమ్మని చెప్పి తొమ్మిది దాటాక వెళ్ళాను. వాళ్ళు చూసి చూసి, ఈలోపు బోరు దగ్గరికి పోయి నీళ్ళు తెచ్చుకున్నారు. నేను వెళ్ళేసరికి అందరి బిందెలూ నిండుగా ఉన్నాయి. ఎండ ముదురుతోంది, ఇంకో రెండు ఊళ్ళు తిరగాలి. కెమెరా తీస్తూ అన్నాను: "ఆ నీళ్ళు పారబొయ్యండమ్మా, ఫొటోకి ఖాళీ బిందెలు కావాలి."

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేను వాయించుకోవాలనిపిస్తుంది.

పారబోశారు. నవ్వుకుంటూ కొందరు, గొణుక్కుంటూ కొందరు. పేపరాయన చెప్పాడు కదా అని పోశారు. అంజమ్మ ఒక్కతే పోయలేదు. మిరపకోతలకి వెళ్ళే మనిషి, అప్పటికి నలభై ఐదు దాటి ఉంటాయి. ఆమె ఇల్లే ఆ వీధిలో ఆఖరిది.

"ఏంది ఖాజన్నా, నీళ్ళు లేవని రాయటానికి ఉన్న నీళ్ళు పారబొయ్యమంటన్నావా?" అంది. "కిలోమీటరున్నర మోసుకొచ్చా. నేను పొయ్యను. తీస్తే ఇట్టాగే తియ్యి."

"ఒక్క ఫొటోకేనమ్మా" అన్నాను.

"ఒక్క బిందె నువ్వు మొయ్యి, అప్పుడు పోస్తా."

ఫొటో తీసుకున్నాను. ఆమె వరుసలో కుడిచివర నిండు బిందె చంకనెత్తుకుని నిలబడింది. ఆఫీసుకి పంపితే మా డెస్కు ఇన్‌చార్జి మూర్తిగారు ఫోన్ చేశారు. "ఆ చివర నిండు బిందేందయ్యా, నిరసన పలచబడిపోయిందిగా. కోసి పంపు." కోసి పంపాను.

వారం తర్వాత మాచర్ల బస్టాండులో అంజమ్మే నన్ను పట్టుకుంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నన్ను కోసేశావంటగా" అంది. "సర్లే, నా మొహం పేపర్లో రాకపోతే కొంపలేం మునగవు. మాకు నీళ్ళు రాట్లేదని ఏడేళ్ళుగా రాస్తన్నావు. రాట్లేదని మాకు తెలీదా అన్నా? మా చెల్లెలు నాగమ్మని వాగొడ్డులో ఇచ్చాం. దానిదీ ఆఖరిల్లే. ఆడ రోజు మార్చి రోజు నీళ్ళొస్తయి. ఆడెట్టా వస్తన్నయ్యో కనుక్కుని అది రాయి. చేతనైతే."

వాగొడ్డు

వాగొడ్డు కూడా మార్చిన పేరే. మిట్టూరికి ఎనిమిది కిలోమీటర్లు. ఆ దారిన నేను కనీసం వందసార్లు వెళ్ళి ఉంటాను. అక్కడ గొడవ లేదు కాబట్టి ఒక్కసారీ బండి ఆపలేదు.

మా నాన్నది గురజాలలో మోటారు వైండింగు షాపు. చిన్నప్పుడు నా చేతులకీ ఆ రాగి తీగలు కోసుకున్నాయి కనుక మోటారు చూస్తే ఎంతటిదో చెప్పగలను. వాగొడ్డు మోటారు మిట్టూరి దానికన్నా పెద్దదేమీ కాదు. ట్యాంకూ అంతే, పైపులూ అంతే. మరి తేడా ఎక్కడ? పంచాయతీ ఆఫీసులో అడిగితే "ఏమో సార్, మా ఊరోళ్ళు మంచోళ్ళు" అన్నారు. ఇలాంటి జవాబులు రాసుకోకండి. మంచోళ్ళు మిట్టూరులోనూ ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి నాగమ్మ ఇంటి ముందు కూర్చున్నాను. అప్పుడు కనపడింది. వాల్వులు తిప్పే పొడుగాటి ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది, ఊళ్ళలో దాన్ని తాళం అంటారు. అన్ని ఊళ్ళలోనూ అది వాటర్‌మన్ దగ్గరో, పెద్దమనిషి ఇంట్లోనో ఉంటుంది. వాగొడ్డులో అది చివరి కుళాయి ఇంట్లో ఉంటుంది. వాటర్‌మన్ కోటయ్య వచ్చి, నాగమ్మ దగ్గర తాళం తీసుకుని, ముందు చివరి వీధి వాల్వు తిప్పాడు. తిప్పి తాళం తెచ్చి మళ్ళీ ఆమెకే ఇచ్చి, అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో అందరి బిందెలూ నిండాక ఆమె తాళం తిరిగి ఇస్తేనే మిగతా వీధులకి నీళ్ళు.

"వదినా, ఇంకెంతసేపు? అవతల నన్ను తిడతన్నారు" అన్నాడు కోటయ్య.

"తిట్టనియ్యి. సుబ్బులు వాళ్ళయి రెండు బిందెలున్నయ్" అంది నాగమ్మ.

అంతే. ఇంతే. ఎన్నో ఏళ్ళ కిందట కుళాయి దగ్గర కొట్లాటలో ఒకామె తల పగిలితే, ఊరంతా కూర్చుని ఆ కట్టుబాటు పెట్టుకున్నారట. ఏ పథకమూ కాదు, ఏ జీవో కాదు. అందరికన్నా చివర నీళ్ళందే మనిషి చేతిలో తాళం పెట్టారు. ఏడేళ్ళుగా ఈ దారిన పోతూ దీన్ని చూడలేదే అని సిగ్గేసింది.

అపర భగీరథుడు

ఆ ఉత్సాహంలో నా రెండో వెధవ పని చేశాను.

మూర్తిగారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వారు. "నీళ్ళు రాకపోతే వార్త. వస్తే వార్తేందయ్యా? పోనీ మనిషెవడన్నా ఉన్నాడా, హీరో లాంటివాడు?" మనిషి కావాలా, ఇదిగో మనిషి అని కోటయ్యని చూపించాను. "అపర భగీరథుడు" అని శీర్షిక నేనే పెట్టాను. కోటయ్య తాళం పట్టుకుని నవ్వుతున్న ఫొటో. ఊరి దాహం తీరుస్తున్న సామాన్యుడు అని రాశాను. తాళం ఎవరింట్లో ఉంటుందో రాసిన వాక్యం చివరి పేరాలో ఉండింది, స్థలం చాలక పేజీలో కొట్టేశారు. నేనూ పట్టించుకోలేదు. వార్త బాగా పేలింది, ఫోన్లలో తెగ తిరిగింది. కోటయ్యకి మండల ఆఫీసులో శాలువా కప్పారు.

రెండు నెలలకి నాగమ్మ ఫోన్ చేసింది.

"ఖాజన్నా, నువ్వు రాశాక మాకు నీళ్ళు పోయినయ్."

వెంటనే వెళ్ళాను. జరిగింది ఇది. శాలువా కప్పించుకుని వచ్చాక, ఊళ్ళో ఒక పెద్దాయన కోటయ్యతో "ఇంత పేరొచ్చినోడివి, ఆ ఆడోళ్ళ అరుగు మీద పడిగాపులేందిరా" అన్నాడట. కోటయ్యకి అది ఎక్కింది. తాళం తన ఇంటికి తీసుకుపోయాడు. తిట్టేవాళ్ళు దగ్గరి వీధులవాళ్ళు కనుక ముందు వాళ్ళకి తిప్పటం మొదలెట్టాడు. చివరి వీధికి గాలి వచ్చింది.

కోటయ్యని నిలదీశాను. అతను నా వంక ఆశ్చర్యంగా చూశాడు.

"నావల్లే నీళ్ళొస్తన్నయ్యని నువ్వే రాశావుగా అన్నా?"

రాసింది నేనే. అతని ఇంట్లో గోడకి ఆ పేపరు కటింగు ఫ్రేము కట్టించి ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మనుషులకి దండలు వేయటం మన పని కాదు. పని ఎలా జరుగుతోంది, ఎవరి చేతిలో ఏముంది, ఏది తీసేస్తే అంతా కూలిపోతుంది, అది రాయండి. కోటయ్య చెడ్డవాడు కాదు. అతన్ని పాడుచేసింది నా శీర్షిక. ఖాళీ బిందెల ఫొటోలతో ఏడేళ్ళు నేను ఎవరికీ మేలు చేయలేదు, నిజమే. ఈ ఒక్క వార్తతో మాత్రం కీడు చేశాను.

పరువు

దిద్దుబాటు రాస్తానన్నాను. నాలుగు ముక్కల సవరణ వద్దు, పూర్తి వార్త రాస్తానన్నాను. మూర్తిగారు మండిపడ్డారు.

"మన వార్త మనమే తప్పంటే పరువేం కావాలయ్యా?"

"నీళ్ళు పోయినవాళ్ళు ఏం కావాలండీ?" అన్నాను.

"అది పంచాయతీ చూసుకుంటుంది."

"పంచాయతీ వల్ల పోలేదు సార్. మనవల్ల పోయినయ్."

పెద్ద గొడవే అయింది. వేయకపోతే ఇకనుంచి మిట్టూరు, వాగొడ్డు వార్తలు నేను రాయనని చెప్పేశాను. మూడు రోజులు నా ఫోన్ ఎత్తలేదాయన. నాలుగో రోజు వేశారు. ఆ వార్తలో తాళం కథ మొదటి వాక్యంలోనే పెట్టాను. ముందు రాసినదాంట్లో నేను చేసిన తప్పు రాశాను. తాళం చేయి మారితే ఏమయిందో రాశాను. ఏది కుదరలేదో కూడా రాశాను. మోటారు కాలిపోతే ఆ ఊరికీ దిక్కులేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎటూ పోలేదు, నాగమ్మ అత్త మోకాళ్ళు పట్టుకునే లేస్తుంది.

ఆ పేపరు పట్టుకుని నాగమ్మ వీధి ఆడవాళ్ళు పంచాయతీ ఆఫీసుకి పోయారు. వాళ్ళ ఊళ్ళో అది పాత కట్టుబాటే కనుక ఎవరూ కాదనలేకపోయారు. తాళం మళ్ళీ నాగమ్మ ఇంటికి వచ్చింది. కోటయ్య ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. గోడ మీద ఫ్రేము మాత్రం తీయలేదు.

"వాగొడ్డులో కుదిరిందిగా"

మిట్టూరులో అలా జరగలేదు. అక్కడ కట్టుబాటు లేదు. తాళం ఊరి పెద్దమనిషి ఇంట్లో, గేటు లోపల ఉండేది.

అంజమ్మ ఆ పేపరు మడిచి జాకెట్లో పెట్టుకుని గ్రామసభకి వచ్చింది. నేనూ వెళ్ళాను. ఆమె లేచి అడిగింది. "తాళం మా వీధిలో ఉండాలి."

సెక్రటరీ సర్దిచెప్పాడు. "అది కుదిరేది కాదమ్మా. టెక్నికల్‌గా ప్రాబ్లం."

"వాగొడ్డులో కుదిరిందిగా."

"ఆ ఊరు వేరు, మన ఊరు వేరు."

"మోటారదే, ట్యాంకదే. పేపర్లో ఉంది, చదువుకో."

పెద్దమనిషి గుడ్లురిమాడు. "ఏమే, తాళం అడగటానికి నువ్వెవతివే?"

"ఆఖరి పంపు దాన్ని" అంది అంజమ్మ. "నాకు నీళ్ళొచ్చినయ్యంటే ఊరందరికీ వచ్చినట్టే. నీకొచ్చినయ్యంటే నీకొక్కడికే వచ్చినట్టు."

సభలో ఒక్కసారిగా గోల. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ పెద్దమనిషి నా వైపు తిరిగి, "ఒరేయ్ ఖాజా, ఊళ్ళో చిచ్చు పెడతన్నావు. నీ సంగతి చెప్తా" అన్నాడు. సమస్య రాసిన ఏడేళ్ళూ ఈయనే నాకు టీ ఇప్పించేవాడు. ఖాళీ బిందెల ఫొటో ఆయనకి పైనుంచి నిధులు అడగటానికి పనికొచ్చేది. పక్క ఊళ్ళో ఎలా కుదిరిందో రాసేసరికి ఆయన చేతిలో ఉన్న సాకు పోయింది. మెత్తటి వార్తలంటారే, వాటికి ఈయన ఎందుకు అంత మండిపడ్డాడో మా ప్రెస్ క్లబ్బు వాళ్ళు చెప్పాలి.

అన్నట్టే ఆయన మా ఆఫీసుకి ఫిర్యాదు చేశాడు. మూర్తిగారు ఫోన్ చేశారు. ఉద్యోగం ఊడుతుందనుకున్నాను.

"రాసినదాంట్లో తప్పుందా?"

"లేదండీ. ఈసారి లేదు."

"అయితే నోరుమూసుకుని పని చూసుకో. ఆయనతో నేను మాట్లాడతా."

ఆ మనిషితో నేను ఎన్నోసార్లు పోట్లాడాను. ఆ ఒక్క ఫోన్‌తో అవన్నీ మర్చిపోయాను.

పన్నెండు రోజులు నలిగింది. చివరి వీధి ఆడవాళ్ళు పొద్దున్నే వెళ్ళి పెద్దమనిషి గేటు ముందు కూర్చునేవాళ్ళు. బిందెలు కూడా పట్టుకెళ్ళలేదు, ఉత్త చేతులతో కూర్చున్నారు. పదమూడో రోజు తాళం బయటికొచ్చింది. ఆ వీధిలో ఇంటికో నెల చొప్పున ఉంటుందని ఒప్పందం. మొదటి నెల అంజమ్మది.

అంతా బాగుపడిందని రాయను. ఎండలు ముదిరితే బోరు అడుగంటుతుంది, అప్పుడు ట్యాంకరే గతి. ఫ్లోరైడు అక్కడా ఉంది. కిలోమీటరున్నర మోత మాత్రం పోయింది.

ఆఫీసులో

మరుసటి ఏప్రిల్‌లో మూర్తిగారు "బిందెలేవయ్యా? పోటీ పేపర్లో వచ్చినయ్" అన్నారు. నేను పంపలేదు. ఆయన కాసేపు తిట్టి, తర్వాత జిల్లా విలేకర్లందరికీ గ్రూపులో ఒక మెసేజి పెట్టారు. ఏ సమస్య పంపినా, అది ఎక్కడన్నా చక్కబడిందేమో కనుక్కుని ఒక పేరా జత చేయమని. సగంమంది ఊరుకున్నారు. మిగతా సగం ఒకరికొకరు ఫోన్లు చేసుకోవటం మొదలెట్టారు. నాదెండ్ల విలేకరి నడికుడి విలేకరిని "మీ దగ్గర ఎట్టా చేశారు?" అని అడగటం నా సర్వీసులో అంతకుముందు ఎన్నడూ వినలేదు. అంతకుముందు మాకు ఒకరి వార్త ఒకరు ఎత్తుకోవటమే తెలుసు.

అదే సమయంలో ప్రకటనల విభాగంవాళ్ళు "విజయగాథ" అని ఒక పేజీ తెచ్చారు. డబ్బిచ్చిన కాలేజీలన్నీ అందులో భగీరథులైపోయాయి. అది చూసి నన్ను ఎద్దేవా చేసినవాళ్ళకి నేను చెప్పిన జవాబే ఇక్కడా రాస్తున్నాను. ఎక్కడ కుదరలేదో చెప్పని విజయగాథ ప్రకటనే. దాన్ని వార్త అంటే నేను ఒప్పుకోను, అప్పుడూ ఇప్పుడూ.

ఆ ఫొటో

నా ఆఖరి పనిరోజున ఆఫీసువాళ్ళు వీడ్కోలు వ్యాసం అడిగారు. ఆ పాత ఫొటో కోయకుండా పంపాను. కుడిచివర నిండు బిందెతో అంజమ్మ. కింద ఒక్క ముక్క రాశాను: "ఈ ఫొటో కోసం మిగతావాళ్ళ బిందెల్లో నీళ్ళు నేనే పారబోయించాను." వేయరనుకున్నాను. చిన్నగా, లోపలి పేజీలో వేశారు.

ఆ పేపరు తీసుకుని మిట్టూరు వెళ్ళాను. అంజమ్మ చేతులు తుడుచుకుని, చాలాసేపు చూసింది.

"బిందె బానే పడింది. నా మొహమేంది, ఇంత కోపంగా ఉంది?"

"నా మీదేగా."

"మరి ఇంకెవరి మీద?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, "రిటైరయ్యావంటగా అన్నా. మా ఊరి పెద్దమనిషి కొడుకు సర్పంచికి నిలబడతన్నాడు. గెలిస్తే ముందు తాళమే గుంజుకుంటానని అంటన్నాడంట. అప్పుడు ఎవరొస్తారు మాకు?" అంది.

రాయటానికి నేను వస్తానని చెప్పలేకపోయాను. నా చేతిలో ఇప్పుడు పేపరు లేదు. ఉత్త చేతులతో గేటు ముందు కూర్చోవటానికి మాత్రం వస్తానన్నాను.

ఇదంతా మీకోసం రాసింది అందుకే. మిట్టూరు అసలు పేరు మాచర్లలో ఏ విలేకరిని అడిగినా చెప్తాడు, ఆ దారిలో పొద్దున ఏడింటికి మొదటి బస్సు. ముందురోజు ఎవరికీ ఫోన్ చేయకండి, బిందెలు సిద్ధం చేయమని అడగకండి. ట్యాంకు దగ్గర దిగకండి, ఊరి చివర దిగండి. ఆఖరి ఇల్లు అడిగితే ఎవరైనా చూపిస్తారు. ముందు తాళం ఎక్కడుందో చూడండి.